సత్య పట్టికలో కనిపించని తేడా

అనంతపురంలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం

అధ్యాపకులందరికీ నమస్కారం. విద్యార్థులకు శుభాకాంక్షలు.

నేను ఈ రోజు మాట్లాడబోయేది మీరు ఇదివరకే చదివేసిన విషయం. ఇన్వర్టర్‌కు 0 ఇస్తే 1 వస్తుంది, 1 ఇస్తే 0 వస్తుంది. బఫర్‌కు 0 ఇస్తే 0, 1 ఇస్తే 1. గుర్తు రెండింటికీ త్రిభుజమే. ఇన్వర్టర్ కొసన ఒక చిన్న సున్న ఉంటుంది, బఫర్‌కు ఉండదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాబట్టి జవాబు రాసి పేజీ తిప్పేస్తాం.

తిప్పే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇచ్చినది ఇచ్చినట్టే తిరిగి ఇచ్చే భాగాన్ని డబ్బు పెట్టి ఎందుకు కొనాలి? జానెడు తీగ కూడా అదే పని చేస్తుంది కదా. ఏ ఇన్‌పుట్‌కు ఏ అవుట్‌పుట్ వస్తుందో చూపేది సత్య పట్టిక. తీగ సత్య పట్టికా బఫర్ సత్య పట్టికా అక్షరం తేడా లేకుండా ఒకటే. అయినా 1960ల నుంచి నేటి దాకా బఫర్ చిప్‌లు తయారవుతూనే ఉన్నాయి, అమ్ముడవుతూనే ఉన్నాయి. అంటే బఫర్ చేసే పని ఏదో సత్య పట్టికకు అందకుండా ఉందన్నమాట. ఆ పట్టికలో కరెంటుకు గడి లేదు, కాలానికి గడి లేదు, తీగ తెగితే ఏమవుతుందన్న దానికీ గడి లేదు. ఇన్వర్టర్‌కూ బఫర్‌కూ ఉన్న అసలు తేడా ఆ లేని గడుల్లోనే ఉంది. నేను చెప్పదలచుకున్నది అదే.

ఇంకో మాట. ఇళ్లలో బ్యాటరీ పక్కన పెట్టుకునే ఇన్వర్టర్, అంటే డీసీని ఏసీగా మార్చే పెట్టె, వేరే సంగతి. ఇప్పుడు మాట్లాడేది లాజిక్ ఇన్వర్టర్ గురించి. ఆ పెట్టె దగ్గరికి కూడా తరువాత వస్తాను, ఎందుకంటే దాని లోపల ఈ రెండూ ఉంటాయి.

ముందుగా చిప్ లోపలికి చూద్దాం. 1963లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో పనిచేస్తున్న ఫ్రాంక్ వాన్లాస్ సీమాస్ పద్ధతిని, అంటే పీమాస్, ఎన్‌మాస్ అనే రెండు రకాల ట్రాన్సిస్టర్లను జతగా వాడే పద్ధతిని, ప్రపంచం ముందుంచాడు. ఇవాళ మన ఫోన్లలోని ప్రాసెసర్లు, మెమొరీలు ఆ పద్ధతి సంతానమే. సీమాస్‌లో అన్నిటికంటే చిన్న గేటు ఇన్వర్టరే. దానికి రెండే ట్రాన్సిస్టర్లు కావాలి. సప్లై వైపు ఒక పీమాస్, గ్రౌండ్ వైపు ఒక ఎన్‌మాస్. ట్రాన్సిస్టర్‌ను ఆన్, ఆఫ్ చేసే కొసనూ గేటనే అంటారు; రెండింటి గేటు కొసలనూ కలిపితే అది ఇన్‌పుట్. రెండు ట్రాన్సిస్టర్లూ కలిసే చోటు అవుట్‌పుట్. ఇన్‌పుట్ 0గా ఉంటే పైది ఆన్ అయి అవుట్‌పుట్‌ను సప్లై దాకా లాగుతుంది. ఇన్‌పుట్ 1 అయితే కిందిది ఆన్ అయి గ్రౌండ్ దాకా దించుతుంది. ఈ అమరికలో సిగ్నల్ తిరగబడటం సహజంగానే జరుగుతుంది, దానికోసం విడిగా ఏమీ చేయనక్కర్లేదు.

ఇవే రెండు ట్రాన్సిస్టర్లతో బఫర్ చేయగలమా? ఎన్‌మాస్‌ను పైకి, పీమాస్‌ను కిందికి మారిస్తే సరిపోతుందని తోస్తుంది. కానీ అలా చేస్తే అవుట్‌పుట్ పూర్తిగా సప్లై దాకా ఎక్కదు, పూర్తిగా గ్రౌండ్ దాకా దిగదు. ట్రాన్సిస్టర్ ఆన్‌లో ఉండటానికి కావలసిన త్రెషోల్డ్ వోల్టేజీ మేరకు రెండు వైపులా తరుగు పడుతుంది. అలాంటివి నాలుగు వరుసగా పెడితే సిగ్నల్ చిక్కి శల్యమవుతుంది. అందుకే చిప్ లోపల మామూలు బఫర్ అంటే ఒకదాని వెనుక ఒకటిగా పెట్టిన రెండు ఇన్వర్టర్లు, మొత్తం నాలుగు ట్రాన్సిస్టర్లు. పాఠంలో బఫర్ సులువుగానూ, ఇన్వర్టర్ దానికి ఒక సున్న తగిలించినట్టుగానూ కనిపిస్తుంది. సిలికాన్‌లో మాత్రం ఇన్వర్టరే మూలం, బఫర్ దానితో కట్టినది.

ఆ రెండో ఇన్వర్టర్ మొదటి దానికంటే పెద్దదిగా ఉంటుంది. దాదాపు మూడు నాలుగు రెట్లు పెద్దది. ఇంకా పెద్ద భారం మోయాలంటే మూడోది, నాలుగోది కూడా వస్తాయి, ప్రతి ఒక్కటీ ముందరి దానికంటే అదే నిష్పత్తిలో పెద్దదిగా. ఎందుకంటే ప్రతి గేటు ఇన్‌పుట్ ఒక చిన్న కెపాసిటర్. దాన్ని నింపాలి, ఖాళీ చేయాలి. చిన్న ట్రాన్సిస్టర్ నేరుగా పెద్ద కెపాసిటర్‌ను నింపబోతే చాలా సమయం తీసుకుంటుంది. మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోతే, మధ్యలో గేట్లు పెరిగినా మొత్తం ఆలస్యం తగ్గుతుంది. చాలామంది విద్యార్థులు నమ్మలేకపోయేది ఇక్కడే. మధ్యలో గేట్లు చేర్చితే సర్క్యూట్ వేగం పెరగడమేమిటి? పెరుగుతుంది, భారం పెద్దదైనప్పుడు.

బుర్రకథలో కథకుడి మాటనే వంతలు అందుకుని పాడతారు. మాట మారదు, కానీ చివరి వరుస దాకా చేరుతుంది. బఫర్ పని అటువంటిదే.

ఇక్కడ ఒక ప్రయోగం చెబుతాను, మీ ల్యాబులో తప్పకుండా చేయండి. 74ఎల్ఎస్04 చిప్‌లో ఆరు ఇన్వర్టర్లు ఉంటాయి. ఐదింటిని గుండ్రంగా, ఒకదాని అవుట్‌పుట్ తరువాతి దాని ఇన్‌పుట్‌కు వచ్చేలా కలపండి. బేసి సంఖ్య కాబట్టి ఏ స్థితిలోనూ నిలవలేక అది ఊగుతూనే ఉంటుంది. ఒక్కో గేటు ఆలస్యం 10 నానోసెకన్లు అనుకుంటే, సిగ్నల్ ఒక పూర్తి ఆవర్తనానికి రెండుసార్లు చుట్టి రావాలి కాబట్టి 100 నానోసెకన్లు, అంటే 10 మెగాహెర్ట్జ్. సరి సంఖ్యలో కలిపితే ఇలా ఊగదు, ఏదో ఒక స్థితిలో స్థిరపడిపోతుంది. రెండు ఇన్వర్టర్లను అలా ఎదురెదురుగా కలిపితే అదే ఒక బిట్‌ను గుర్తుంచుకునే మెమొరీ గడి. స్టాటిక్ ర్యామ్ గుండె అదే. ఇక ఆ ఐదింటి చుట్టును ఆసిలోస్కోపులో చూడాలంటే ప్రోబ్‌ను నేరుగా తగిలించకండి. ప్రోబ్ కెపాసిటెన్స్ ఆ చుట్టు మీద పడి ఫ్రీక్వెన్సీని కిందికి లాగుతుంది. మిగిలిన ఆరో ఇన్వర్టర్‌ను మధ్యలో పెట్టి, దాని అవుట్‌పుట్ దగ్గర చూడండి. ఆ ఆరోది పేరుకు ఇన్వర్టర్, చేస్తున్నది బఫర్ పని. తిప్పడం అనే గుణం, మోయడం అనే గుణం ఒకే భాగంలో ఉండవచ్చని ఇది చూపిస్తుంది. కాబట్టి ఏ భాగాన్ని చేతిలోకి తీసుకున్నా రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. ఇది సిగ్నల్‌ను తిప్పుతుందా? ఇది ఎంత భారం మోస్తుంది?

ఇప్పుడు పొలానికి వెళ్దాం. మన అనంతపురం జిల్లాలో బోరు మోటారు గురించి తెలియని ఇల్లు అరుదు. వ్యవసాయ కరెంటు గంటల లెక్కన వస్తుంది, ఆటో స్టార్టర్ పెట్టిన రైతు పొలంలో లేకపోయినా మోటారు తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. మీలో చాలామంది ప్రాజెక్టుగా నీటి తొట్టి నిండితే మోటారు ఆగే సర్క్యూట్ చేస్తారు. ఆ ఒక్క ప్రాజెక్టులో మన విషయమంతా ఉంది.

తొట్టిలో ఒక ఫ్లోట్ స్విచ్, అంటే నీటి మీద తేలుతూ మట్టాన్ని బట్టి కలిసే, విడిపోయే స్విచ్ ఉంది. అక్కడి నుంచి స్టార్టర్ డబ్బా దాకా తీగ లాగారు. స్టార్టర్ దగ్గర ఆ తీగను ఒక రెసిస్టర్‌తో 5 వోల్టులకు లాగి ఉంచారు. స్విచ్ కలిసినప్పుడు తీగ గ్రౌండ్ అవుతుంది, అంటే 0. విడిపోయినప్పుడు రెసిస్టర్ వల్ల 1.

మొదటి పద్ధతి: తొట్టి నిండితే స్విచ్ కలిసేలా పెట్టండి. నిండకపోతే 1, నిండితే 0. మోటారు తిరగాలంటే డ్రైవర్‌కు, అంటే మోటారును ఆన్ చేసే భాగానికి, 1 కావాలి. సిగ్నల్ ఉన్నది ఉన్నట్టు సరిపోతుంది, తిప్పే పని లేదు, మధ్యలో బఫర్ చాలు. సర్క్యూట్ చిన్నదవుతుంది, చూడటానికీ బాగుంటుంది.

రెండో పద్ధతి: తొట్టి నిండితే స్విచ్ విడిపోయేలా పెట్టండి. నిండకపోతే 0, నిండితే 1. మోటారుకు కావలసింది దీనికి వ్యతిరేకం. కాబట్టి మధ్యలో ఇన్వర్టర్ తప్పనిసరి.

తొట్టి నిండినా నిండకపోయినా మోటారు విషయంలో రెండు పద్ధతుల ఫలితమూ ఒకటే. సత్య పట్టిక వేసి చూస్తే తేడా కనిపించదు. కానీ దుక్కి దున్నుతుండగా నాగలి తగిలి తీగ తెగిందనుకోండి, లేదా ఎలుక కొరికిందనుకోండి. తీగ తెగితే స్టార్టర్ దగ్గర రెసిస్టర్ వల్ల 1 కనిపిస్తుంది. మొదటి పద్ధతిలో 1 అంటే ‘ఇంకా నిండలేదు’. మోటారు తిరుగుతూనే ఉంటుంది. తొట్టి పొర్లుతుంది, బోరులో నీళ్లు అడుగంటుతాయి, నీళ్లు లేకుండా తిరిగి తిరిగి మోటారు కాలిపోతుంది. రెండో పద్ధతిలో 1 అంటే ‘నిండింది’. మోటారు ఆగిపోతుంది. రైతు వచ్చి చూసి తీగ కట్టుకుంటాడు. నష్టం అంతే.

ఆ ఒక్క ఇన్వర్టర్ వల్ల ఒక మోటారు దక్కింది. ఇన్వర్టర్ పెట్టాలా బఫర్ పెట్టాలా అన్నది ఏది సులువు, ఏది చేతిలో ఉంది అని తేల్చే విషయం కాదు. ఏ లోపం వచ్చినప్పుడు ఏ స్థితిలో ఆగాలి అని ముందు నిర్ణయించాలి, ఆ తరువాత గేటు ఎంచుకోవాలి. తీగలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే రెండో పద్ధతి కూడా మోసపోతుంది, నిజమే. పొలంలో తెగడం ఎక్కువా, తగలడం ఎక్కువా అని ఆలోచించి ఎంచుకోవాలి. తెగడమే ఎక్కువని నా అభిప్రాయం.

అక్కడ మామూలు ఇన్వర్టర్ కాక 74హెచ్‌సి14 వాడండి. అది ష్మిట్ ట్రిగ్గర్ ఇన్వర్టర్. సిగ్నల్ పైకి వెళ్లేటప్పుడు ఒక వోల్టేజీ దగ్గర, కిందికి దిగేటప్పుడు అంతకంటే తక్కువ వోల్టేజీ దగ్గర మారుతుంది. పొడవాటి తీగ పట్టే చిన్న చిన్న రొదకు ఆ రెండు మెట్ల మధ్య ఉన్న ఎడమే మందు. అలల మీద ఊగే ఫ్లోట్, స్విచ్ కలిసేటప్పటి వణుకు, వీటికి మాత్రం ఆ ఎడం ఒక్కటే చాలదు. 1930లలో ఓటో ష్మిట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త స్క్విడ్ అనే సముద్రజీవి నరాల మీద పరిశోధన చేస్తూ ఈ సర్క్యూట్‌కు రూపం ఇచ్చాడు. నరాల పని చూసి కట్టిన సర్క్యూట్ మన బోరు దగ్గర పనికొస్తున్నదంటే నాకు ఎంతో సంతోషం.

సరే, సిగ్నల్ తిరిగింది. మోటారు తిరుగుతుందా? ఇంకా తిరగదు. 74హెచ్‌సి14 అవుట్‌పుట్ హామీగా ఇచ్చేది దాదాపు 4 మిల్లీ ఆంపియర్లు. స్టార్టర్‌ను కలపడానికి వాడే రిలే అంటే కాయిల్‌లో కరెంటు పారితే కలిసే స్విచ్. 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ నిరోధం సుమారు 70 ఓములు, అంటే దానికి 70 మిల్లీ ఆంపియర్లు కావాలి. 1 అనే సమాచారం ఉంది, రిలేను లాగే సత్తువ లేదు. ఇక్కడ యూఎల్ఎన్2003 అవసరం. అందులో ఏడు డార్లింగ్టన్ జతలు, అంటే కరెంటును బాగా పెంచేలా రెండేసి కలిపిన ట్రాన్సిస్టర్లు, ఉంటాయి, ఒక్కొక్కటి 500 మిల్లీ ఆంపియర్ల దాకా, 50 వోల్టుల దాకా తట్టుకుంటుంది. కాయిల్ ఆగినప్పుడు ఎదురు వచ్చే వోల్టేజీ కోసం డయోడ్లు లోపలే ఉన్నాయి, తొమ్మిదో పిన్నును రిలే సప్లైకి కలపడం మరచిపోకండి.

యూఎల్ఎన్2003 ఇన్వర్టరా, బఫరా? వోల్ట్‌మీటరు పెట్టి చూస్తే ఇన్‌పుట్ 1 అయినప్పుడు అవుట్‌పుట్ కిందికి పడుతుంది. కాబట్టి ఇన్వర్టర్ అంటారు. కానీ కాయిల్ రెండో కొస సప్లైకి కలిసి ఉంది కనుక, అవుట్‌పుట్ కిందికి పడినప్పుడే కాయిల్‌లో కరెంటు పారుతుంది. రిలే వైపు నుంచి చూస్తే 1 ఇస్తే ఆన్, 0 ఇస్తే ఆఫ్. బఫర్ లాగానే ప్రవర్తిస్తుంది. కాబట్టి తిరగబడిందా లేదా అన్నది దేనితో పోల్చి చెబుతున్నామో చూసుకుని చెప్పాలి. బ్రెడ్‌బోర్డు మీద ప్రాజెక్టు తిరగబడి పనిచేసిన సందర్భాల్లో ముందుగా వెతకాల్సిన చోటు ఇదే.

వోల్టేజీ స్థాయిల సంగతి కూడా చూద్దాం. ఇప్పుడు మీ అందరి చేతుల్లో 3.3 వోల్టుల మైక్రో కంట్రోలర్లు ఉన్నాయి. దాని అవుట్‌పుట్‌ను 5 వోల్టుల మీద నడిచే 74హెచ్‌సి బఫర్‌కు ఇస్తే, ఆ బఫర్ 1గా గుర్తించడానికి సప్లైలో 70 శాతం, అంటే 3.5 వోల్టులు కోరుతుంది. మీ దగ్గర ఉన్నది 3.3. బల్ల మీద పనిచేస్తుంది, ఎండలో పెడితే మొరాయిస్తుంది. హెచ్‌సి తరువాత ఒక ‘టి’ ఉన్న 74హెచ్‌సిటి125 తీసుకోండి, దానికి 2 వోల్టులు చాలు. ఇక పై వోల్టేజీ నుంచి కిందికి దిగాలంటే సీడీ4050. దాని ఇన్‌పుట్‌కు తన సప్లై కంటే ఎక్కువ వోల్టేజీ వచ్చినా ఇబ్బంది లేదు. అదే పనిని తిప్పి చేయాలంటే సీడీ4049. ఈ రెండింటిలో సప్లై మొదటి పిన్నుకు ఇవ్వాలి. పదహారు పిన్నుల చిప్ కదా అని అలవాటుగా పదహారో పిన్నుకు ఇస్తే చిప్ పలకదు, ఆ పిన్ను లోపల దేనికీ కలిసి ఉండదు.

అనలాగ్‌లో ఈ తేడా ఇంకా లోతుగా ఉంటుంది. 5 వోల్టులను రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో సగం చేశారు. మధ్యలో 2.5 వోల్టులు వస్తాయి. దానికి 10 కిలో ఓముల భారం తగిలిస్తే కిందివి రెండూ సమాంతరంగా 5 కిలో ఓములవుతాయి, వోల్టేజీ 1.67కు పడిపోతుంది. మధ్యలో ఆప్-ఆంప్ అనే యాంప్లిఫైయర్ చిప్‌తో వోల్టేజ్ ఫాలోయర్, అంటే వచ్చిన వోల్టేజీనే తిరిగి ఇచ్చే అమరిక, పెడితే 2.5 అలాగే నిలుస్తుంది. గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచిందన్నది, 1. ఏమీ పెంచలేదు, అయినా కొలత నిజమైంది. అది బఫర్. ఇప్పుడు ఫాలోయర్ బదులు రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో గెయిన్ మైనస్ 1 ఉండే ఇన్వర్టింగ్ యాంప్లిఫైయర్ పెట్టండి. మైనస్ 2.5 వస్తుందనుకుంటాం. వచ్చేది మైనస్ 1.67. ఎందుకంటే దాని ఇన్‌పుట్ రెసిస్టర్ రెండో కొస గ్రౌండ్ వోల్టేజీ దగ్గరే నిలిచి ఉంటుంది, కనుక సిగ్నల్ మీద ఆ 10 కిలో ఓములూ పూర్తి భారంగా పడతాయి. డిజిటల్‌లో ఇన్వర్టర్ మోయగలదు, తిప్పగలదు. అనలాగ్‌లో ఇన్వర్టింగ్ యాంప్లిఫైయర్ తిప్పుతూ తానే భారమవుతుంది. కాబట్టి సెన్సర్ బలహీనమైనదైతే ముందు ఫాలోయర్, తరువాతే తిప్పడం.

ఇక ఆ పెట్టె దగ్గరికి వద్దాం. కర్నూలు వైపు ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల మధ్య 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పలకల నుంచి వచ్చేది డీసీ, గ్రిడ్‌కు వెళ్లాల్సింది ఏసీ. ఆ మార్పు చేసే ఇన్వర్టర్ల లోపల, సర్వసాధారణమైన అమరికలో, ఒక స్విచ్ పైన, ఒకటి కింద, మధ్యలో అవుట్‌పుట్. సీమాస్ ఇన్వర్టర్ బొమ్మే, కొలతలు మాత్రం మహా పెద్దవి. పై స్విచ్‌కు ఇచ్చే సిగ్నల్‌కు తిరగేసిన సిగ్నల్ కింది స్విచ్‌కు కావాలి. రెండూ ఒక్క క్షణం కలిసి ఆన్ అయినా సప్లై నేరుగా షార్ట్ అవుతుంది, అందుకే ఒకటి ఆఫ్ అయ్యాక మరొకటి ఆన్ అయ్యే లోపు చిన్న విరామం ఇస్తారు. ఆ స్విచ్‌ల గేట్లను నడిపేవి గేట్ డ్రైవర్లు, అంటే బలమైన బఫర్లు. లెక్క చూడండి. స్విచ్‌గా వాడే ఒక పవర్ మాస్ఫెట్ (పెద్ద కరెంటును మోసే ట్రాన్సిస్టర్) గేటుకు 100 నానో కూలంబుల చార్జి కావాలనుకుందాం. మైక్రో కంట్రోలర్ పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లు ఇస్తే నిండటానికి 5 మైక్రోసెకన్లు. ఆ సేపంతా మాస్ఫెట్ సగం ఆన్, సగం ఆఫ్‌గా ఉండి వేడెక్కుతుంది. 1 ఆంపియర్ ఇచ్చే డ్రైవర్ పెడితే 100 నానోసెకన్లలో పని ముగుస్తుంది. రెండు సందర్భాల్లోనూ వెళ్లింది 1 అనే సిగ్నలే. ఒకదాంట్లో మాస్ఫెట్ బతికింది.

వెనుక వరుసలో ఎవరో చేయి ఎత్తారు. అడగండి అమ్మా.

రెండు ఇన్వర్టర్లు వరుసగా పెడితే బఫర్ అవుతుంది కదా, మరి విడిగా బఫర్ చిప్ ఎందుకు అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. 0, 1ల వరకైతే మీరన్నది నూరుపాళ్లు నిజం. 74హెచ్‌సి04లో రెండు గేట్లు ఖాళీగా మిగిలి ఉంటే నిస్సంకోచంగా అలాగే వాడండి. కానీ బఫర్ చిప్‌లలో కొన్ని అదనపు సౌకర్యాలుంటాయి. 7407 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే తీగను కిందికి లాగగలదే కానీ పైకి తోయలేదు, 30 వోల్టుల దాకా, 40 మిల్లీ ఆంపియర్ల దాకా పనిచేస్తుంది. 74ఎల్ఎస్244లో ఎనిమిది బఫర్లుంటాయి, వాటికి 0, 1తో పాటు మూడో స్థితి ఉంది. ఆ స్థితిలో అవుట్‌పుట్ తీగను పూర్తిగా వదిలేస్తుంది. ఒకే బస్సు, అంటే అనేక భాగాలు పంచుకునే తీగల వరుస, మీద ఎందరో మాట్లాడాలంటే, ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావారు తీగను వదిలేయాలి. మామూలు ఇన్వర్టర్లను ఎన్ని వరుసగా పెట్టినా ఈ గుణం రాదు.

ఇంకొక ప్రశ్న. బఫర్ పెడితే మోటారు వైపు నుంచి వచ్చే ప్రమాదం ఆగుతుందా? ఆగదు. దీన్ని గట్టిగా చెబుతున్నాను. బఫర్ భారాన్ని వేరు చేస్తుంది కానీ గ్రౌండ్‌ను వేరు చేయదు. స్టార్టర్ డబ్బాలో 415 వోల్టులు ఉన్నాయి. ఆ వైపు నుంచి సిగ్నల్ తీసుకోవాలంటే పీసీ817 వంటి ఆప్టోకప్లర్ తప్పనిసరి, మధ్యలో వెలుతురు తప్ప తీగ సంబంధం ఉండదు. దాని అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌ను పుల్-అప్ రెసిస్టర్‌తో వాడితే లోపలి ఎల్ఈడీ వెలిగినప్పుడు 0 వస్తుంది, అంటే అది కూడా ఒకసారి తిప్పుతుంది. ఈ మధ్యాహ్నం ల్యాబులో మీ సర్క్యూట్ బొమ్మ గీసేటప్పుడు, స్విచ్ నుంచి మోటారు దాకా సిగ్నల్ తిరిగిన ప్రతి చోటా పెన్సిల్‌తో ఒక సున్న పెట్టుకుంటూ వెళ్లండి. ప్రతి అవుట్‌పుట్ పక్కన అది ఇవ్వగల కరెంటు, తరువాతి భాగం కోరే కరెంటు రాయండి. కింద ఇంకో వరుసలో ఫ్లోట్ తీగ తెగితే, కంట్రోల్ బోర్డు సప్లై పోతే మోటారు ఏ స్థితిలో ఉంటుందో రాసి నాకు చూపించండి, ఆ తరువాతే చిప్‌లు ఇస్తాను.